నవ్వుతో నడిపించిన యాత్రికుడు – జాన్ బన్యన్ జీవితము

పఠన భాగములు: హెబ్రీయులకు 11:8–16, హోషేయ 12:10, కీర్తన 84



మన తరిగొప్పుల ప్రాంతమున కథ అనగానే జ్ఞాపకమునకు వచ్చునది ఒగ్గు కథ. రాత్రి భోజనములైన పిమ్మట డోలు మ్రోగును. కథకుడు నిలువబడి పాడును. ప్రక్కవాడు వంత పాడుచు నడుమ నడుమ హాస్యమాడును. కథలోని వీరుడు ఇల్లు విడచి అడవులు దాటును, ఆపదలతో పోరాడును, దేనినో సాధించుటకై దేశములు తిరుగును. ముసలివారు మొదలుకొని చంటిపిల్లల తల్లుల వరకు కదలక కూర్చుందురు. మనకు సమీపముననున్న చేర్యాలలో పొడవైన గుడ్డ మీద వరుసగా బొమ్మలు వేసి, వాటిని విప్పుచు కథ చెప్పు ఆచారము తరతరములుగా ఉండెను. మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928) వ్రాసిన కాశీమజిలీ కథలు 12 భాగములు. అందులో కాశికి కాలినడకన పోవు పెద్దమనిషికి ఒక పశులకాపరి పిల్లవాడు తోడు. ప్రతి మజిలీలోను తనకు కనబడిన వింతను గూర్చి కథ చెప్పనిదే ఆ పిల్లవాడు ముందుకు అడుగు వేయడు. దారి కష్టము కథ వలన తేలికయగును.

ఇట్టి కథలు మనుష్యులను ఎందుకు ఇంతగా పట్టుకొనును? విశ్వాసులు వీటిని విని ఆనందించుట తగునా, లేక కాలము పాడుచేసికొనుటయా? మన సంఘములలో పెద్దలు యౌవనస్థులను ఈ విషయమై గద్దించుట కలదు. యౌవనస్థులు జవాబు చెప్పలేక దాచుకొని చదువుటయు, ఇప్పుడు ఫోనులో చూచుటయు కలదు. ఈ ప్రశ్నను తన జీవితములోనే ఎదుర్కొన్న ఒక మనుష్యుని చరిత్రను ఈ నెల ధ్యానింతము. ఆయన పేరు జాన్ బన్యన్. యాత్రికుని ప్రయాణము అను పేరుతో తెలుగులోనికి వచ్చిన గ్రంథమును వ్రాసినవాడు ఆయనయే.

మాట్లు వేయువాని కుమారుడు

బన్యన్ 1628వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో బెడ్‌ఫర్డ్ పట్టణమునకు సమీపమైన ఎల్‌స్టో అను పల్లెలో జన్మించెను. తండ్రి థామస్. ఆయన వృత్తి చిల్లుపడిన గిన్నెలకు, కాగులకు మాట్లు వేయుట. అది పెద్ద గౌరవము గల పని కాదు. పిల్లవాడు కొంతకాలము బడికి పోయి చదువను వ్రాయను నేర్చుకొనెను. తరువాత తండ్రి పనిలోనే చేరెను. పేరును 1647 అను సంవత్సరమును చెక్కిన ఒక ఇనుప దాగలి బన్యన్‌దని చెప్పబడుచు బెడ్‌ఫర్డ్‌లో నేటికిని భద్రపరచబడియున్నది. అట్టి బరువును మోసికొని వాకిలి వాకిలికి తిరిగిన వానికి, వీపు మీద మూట గలవాని బాధ ఎట్టిదో ఒకరు చెప్పనక్కరలేదు.

బాల్యములో బన్యన్‌కు బైబిలు మీద ప్రీతి లేదు. ఆయనకు ఇష్టమైనవి సంతలలో కొద్ది డబ్బులకు అమ్ము కథల పుస్తకములు. గుఱ్ఱమెక్కి ఘటసర్పమును చంపిన జార్జి కథ, రాక్షసులను జయించిన సౌతాంప్టన్ బేవిస్ కథ ఆయన మిక్కిలి ఆశతో చదివెను. మారుమనస్సు పొందిన తరువాత ఆయన దీనిని గూర్చి సిగ్గుపడి, దేవుని గ్రంథమును విడచి అట్టివాటిని కోరితినని 1658లో ప్రకటించిన ఒక పుస్తకములో ఒప్పుకొనెను. ఆ మాట మనము జ్ఞాపకముంచుకొనవలెను. ఏలయనగా ఆయన విడచితిననుకొన్న రాక్షసులు ఆయనను విడువలేదు. చాలకాలము తరువాత వారు వేరొక పనికై తిరిగి వచ్చిరి.

1644వ సంవత్సరము ఆయనకు కడు దుఃఖకరమైనది. జూన్ నెలలో తల్లి మరణించెను. మరుసటి నెలలో చెల్లెలు మరణించెను. కొద్ది వారములలోనే తండ్రి మరల వివాహము చేసికొనెను. ఆ సంవత్సరమే 16 ఏండ్ల ప్రాయమున బన్యన్ రాజునకు విరోధముగా పోరాడుచున్న పార్లమెంటు సైన్యములో చేరెను. ఒకప్పుడు ముట్టడికి పోవలసిన వంతు ఆయనది. మరియొకడు తాను పోయెదనని అడిగి ఆయనకు బదులుగా వెళ్లి, కావలి కాయుచు తుపాకి గుండు తలకు తగిలి చనిపోయెను. తన స్థలములో వేరొకడు చనిపోయెనన్న సంగతిని బన్యన్ జీవితాంతము మరువలేదు.

రెండు పుస్తకములు, ఒక ఆట, ఒక వాకిలి

సైన్యమునుండి తిరిగివచ్చిన తరువాత, సుమారు 1649లో, ఆయన వివాహము చేసికొనెను. ఆ ఇంటిలో గిన్నె గాని గరిటె గాని లేనంత బీదరికముండెను. భార్య తెచ్చిన కట్నము ఆమె తండ్రి విడిచిపోయిన రెండు భక్తి పుస్తకములు మాత్రమే. వాటిని ఇద్దరు కలిసి చదువుకొనిరి. 1650లో మొదటి బిడ్డ మేరీ జన్మించెను. ఆ పిల్ల పుట్టుగ్రుడ్డిది.

ఒక ఆదివారమున బన్యన్ పల్లె మైదానములో ఆట ఆడుచుండెను. అది మన చిర్రగోనె వంటి ఆట. కఱ్ఱతో పుల్లను ఒకమారు కొట్టి రెండవమారు కొట్టబోవునంతలో, పాపము విడిచి పరలోకమునకు పోవుదువా, పాపముతో నరకమునకు పోవుదువా అని పరలోకమునుండి ఎవరో అడిగినట్లు ఆయన మనస్సునకు తోచెను. ఆయన కఱ్ఱ నేలను విడచి ఆకాశము వైపు చూచుచు నిలిచిపోయెను. అయినను మార్పు ఆ దినమున కలుగలేదు. ఇక తనకు క్షమాపణ లేదనుకొని మరల ఆటలో పడిపోయెను.

మరియొక దినమున పని మీద బెడ్‌ఫర్డ్‌కు పోగా, అక్కడ ముగ్గురు నలుగురు బీద స్త్రీలు వాకిట ఎండలో కూర్చుండి మాటలాడుకొనుచుండిరి. వారు మాటలాడుకొన్నది ఇరుగుపొరుగువారి తప్పులను గూర్చి కాదు, దేవుడు తమ హృదయములలో చేసిన క్రొత్త జన్మమును గూర్చి. వారి ముఖములలోని సంతోషము ఆయనను పట్టుకొనెను. తాను బాగుగా మాటలాడగలవాడు, అయినను వారు చెప్పుచున్నది తనకు తెలియదు. ఆ స్త్రీల పేర్లు లోకమునకు తెలియవు. వాకిట కూర్చుండి వారు ఆడిన నాలుగు మాటలు ఒక గొప్ప గ్రంథకర్తను దారికి తెచ్చినవి. మన ఊళ్లలో వాకిళ్ల యందు కూర్చుండు అక్కలు, అమ్మలు దీనిని తలంచుకొందురు గాక.

తరువాత కొన్ని సంవత్సరములు బన్యన్ భయముతోను సందేహముతోను నలిగెను. ఒక దినము ధైర్యము, మరుసటి దినము నిరాశ. బెడ్‌ఫర్డ్ సంఘ కాపరి జాన్ గిఫర్డ్ ఆయనకు తోడుగా నిలిచెను. సుమారు 1655 నాటికి బన్యన్ ఆ సంఘమున చేరి, బోధించుట ప్రారంభించెను. మాట్లు వేయువాని ప్రసంగము వినుటకు వందలకొలది జనులు కూడివచ్చుచుండిరి. బాప్తిస్మమును గూర్చి భిన్నాభిప్రాయములున్నను, ఆ కారణమున విశ్వాసులు ఒకరినొకరు ప్రభువు బల్లనుండి దూరము చేయరాదని ఆయన 1673లో ఒక పుస్తకము వ్రాసెను. పలు సంఘములున్న మన ప్రాంతమునకు ఇది తగిన మాట.

12 సంవత్సరముల చెర

1658లో మొదటి భార్య మరణించెను. నలుగురు పిల్లలు తల్లిలేని వారైరి. మరుసటి సంవత్సరము ఆయన ఎలిజబెత్ అను యౌవనస్థురాలిని వివాహము చేసికొనెను. 1660లో ఇంగ్లండులో రాజు మరల సింహాసనమెక్కగా, రాజ్యపు సంఘములో చేరని బోధకులను అణచివేయసాగిరి. ఆ సంవత్సరము నవంబరు 12వ తేదీన ఒక పల్లెటూరి ఇంటిలో ఆరాధన జరుపబోవుచుండగా బన్యన్ పట్టబడెను. తనను పట్టుకొనబోవుచున్నారని ఆయనకు ముందే తెలిసినది. పారిపోవుటకు సమయముండెను. కాని తాను పారిపోయినయెడల క్రొత్తగా నమ్మినవారు ధైర్యము విడుతురని తలంచి నిలిచియుండెను.

గర్భవతిగా ఉన్న ఎలిజబెత్ ఈ వార్త విని బెదరి, నెలలు నిండకమునుపే ప్రసవించెను. ఆ శిశువు చనిపోయెను. అయినను ఆమె లేచి, 1661 ఆగస్టులో న్యాయాధిపతులు బెడ్‌ఫర్డ్‌కు వచ్చినప్పుడు పదే పదే వారి యెదుటికి పోయి, భర్త కొరకు మనవి చేసెను. న్యాయాధిపతి మాథ్యూ హేల్ కనికరపడి, చట్టము ప్రకారము ఆమె చేయదగిన వాటిని తెలిపెను. తక్కినవారు ఆమెను గద్దించిరి. బన్యన్ ఇక బోధింపనని ఒక్క మాట ఇచ్చినయెడల ఇంటికి పోవచ్చును. ఆయన ఆ మాట ఇయ్యలేదు. మొదట 3 నెలలకని విధించిన శిక్ష 12 సంవత్సరములు సాగెను.

ఇది వీరుని కథవలె సుళువుగా చెప్పదగినది కాదు. చెరలో ఆయనకు అన్నిటికంటె ఎక్కువ బాధ గ్రుడ్డి కుమార్తె మేరీని గూర్చినదే. ఆ బిడ్డకు కలుగు ఆకలి, చలి, దెబ్బలు తలంచుకొని, తన కుటుంబమును తన చేతులతో తానే కూల్చుచున్నానేమో అని ఆయన మిక్కిలి దుఃఖించినట్లు 1666లో ప్రకటించిన స్వీయచరిత్రలో వ్రాసెను. ఇంటివారి పోషణకై చెరసాలలో నాడాల కొనలకు లోహపు ముక్కలు బిగించు పని చేసెను. అట్టి నాడాలను వేలకొలది తయారుచేసి అమ్మించెను. ఆయన యొద్ద ఉండిన ముఖ్యమైన పుస్తకములు బైబిలును, హతసాక్షుల చరిత్రయు. మేరీ చెరసాలకు చారు తెచ్చుచుండెనని జనులు చెప్పుకొందురు. తండ్రి విడుదల పొందకమునుపే ఆమె మరణించినట్లు తోచుచున్నది.

స్నేహితుల తగవు

అట్టి స్థలములో ఒక నవ్వు పుట్టెను. ఎట్లనగా, విశ్వాసుల పరుగును గూర్చి ఆయన వేరొక పుస్తకము వ్రాయుచుండగా, ఆ పరుగు ఒక ప్రయాణమువలె కనబడసాగెను. ఒక ఉపమానము పది ఉపమానములను కనెను. వాటిని వేరుగా వ్రాసిపెట్టుకొనెను. ఎవరికిని చూపవలెనని కాదు, తన సంతోషము కొరకే వ్రాసికొనెను. ఈ పని చెరసాలలోనే ప్రారంభమైనదని పండితులు తలంచుచున్నారు.

పుస్తకము పూర్తియైన తరువాత దానిని స్నేహితులకు చూపెను. అప్పుడు వారిలో తగవు పుట్టెను. కొందరు అచ్చువేయుమనిరి, కొందరు వలదనిరి. కల్పిత కథ సత్యమును మరుగుచేయునని, నవ్వు పుట్టించు మాటలు దైవ విషయములకు తగవని వలదన్నవారి అభ్యంతరము. బాల్యములో చదివిన రాక్షస కథలకై పశ్చాత్తాపపడిన బన్యన్‌కు ఈ అభ్యంతరము చిన్నదిగా తోచియుండదు. ఆయన దానిని తృణీకరింపలేదు. పుస్తకము మొదట పద్యములలో దానికి ఓపికతో సమాధానము వ్రాసెను. ప్రవక్తలును ప్రభువును ఉపమానములతో బోధించిరి గదా అని ఆయన వాదము. పుస్తకపు మొదటి పుటలో హోషేయ 12:10 వచనమును వేయించెను.

మనమును లేఖనములను విప్పి చూతము. యోతాము గెరిజీము కొండమీద నిలిచి చెట్లు తమకొక రాజును వెదకుకొనిన కథ చెప్పెను (న్యాయాధిపతులు 9). నాతాను గొఱ్ఱెపిల్ల కథతో రాజు హృదయమును ఛేదించెను (2 సమూయేలు 12). కంటిలో దూలముంచుకొని సహోదరుని కంటిలోని నలుసును తీయబోవువానిని (మత్తయి 7), దోమను వడగట్టి ఒంటెను మ్రింగువానిని (మత్తయి 23) మన ప్రభువు చూపినప్పుడు, విన్న పల్లెవారు నవ్వకుండ ఉండిరని ఎవరనగలరు? ఆ నవ్వులోనే గద్దింపు ఉన్నది.

యాత్రికుని దారి

1672లో బన్యన్ విడుదల పొంది, బెడ్‌ఫర్డ్ సంఘమునకు కాపరియాయెను. 1676 చివర మరల కొన్ని నెలలు చెరలో నుండెను. యాత్రికుని ప్రయాణము 1678లో లండనులో అచ్చుపడెను.

కథ యెల్లరకు తెలిసినదే. క్రైస్తవుడనువాడు వీపున గొప్ప భారముతో నాశన పట్టణమును విడచి పరలోక పట్టణమునకు బయలుదేరును. నిరుత్సాహపు బురదలో దిగబడును. వానాకాలమున చెరువు క్రింది పొలములో ఎద్దుబండి దిగబడినప్పుడు మనకు తెలియును గదా ఆ బాధ. సిలువ యొద్ద అతని భారము జారిపోవును. తరువాత అపొల్లుయోనుతో యుద్ధము, చీకటి లోయ, మాయ సంత, సందేహపు కోట, చివరకు నది. పూర్వము సంతలో కొన్న కథల రాక్షసులు, ఘటసర్పములు ఇక్కడ తిరిగి కనబడుదురు. అయితే ఇప్పుడు వారు కాలక్షేపమునకు రాలేదు. మనలోనున్న శత్రువులకు రూపము ఇచ్చుటకు వచ్చిరి.

ఈ పుస్తకమునకు బలము యుద్ధములు మాత్రమే కాదు. దారిలో కలియు మనుష్యులే దాని బలము. వారిని చూచినప్పుడు, వీడు మన ఊరివాడే అని నవ్వు వచ్చును. వాగుడుకాయ యొకడు ఏ సంగతినైనను చక్కగా మాటలాడును, కాని ఇంటిలో వాని ప్రవర్తన అడుగవద్దు. స్వలాభుడనువాడు తియ్యని మాటల ఊరివాడు. వాని ముత్తాత పడవవాడు, ఒక వైపు చూచుచు వేరొక వైపు తెడ్డు వేయువాడు; వాడును అదే పనితో తన ఆస్తిలో ఎక్కువ భాగము గడించెను. వాడు ఎండ కాయుచు జనులు మెచ్చుచున్నంతకాలము మతముతో నడచును, గాలివాన వచ్చినచో ఇంటికి తిరుగును. ఎన్నికల కాలములోను సంఘపు తగవులలోను ఇట్టివానిని మనము చూడలేదా?

సందేహపు కోట సంగతి చూడుడి. నిరాశ అను రాక్షసుడు యాత్రికులను పట్టి చీకటి కొట్టులో వేయును. అది భయంకరమైన భాగము. ప్రాణము తీసికొనవలెనను ఆలోచన కూడ వారికి కలుగును. అయినను ఆ రాక్షసుడు ప్రతి రాత్రి పడకలో భార్యను అడుగును, రేపు వీరినేమి చేయవలెనని. ఆమె చెప్పును, తెల్లవారి అతడట్లే చేయును. ఎండ బాగుగా కాచిన దినములలో వానికి మూర్ఛ వచ్చి చెయ్యి పడిపోవును. ఎన్నో సంవత్సరములు నిరాశ చేత నలిగిన బన్యన్ ఆ రాక్షసుని ఇట్లు చిత్రించుట ఎంత గొప్ప సంగతి! నిరాశ నిజమైనదే, అయితే అది సర్వశక్తిగలది కాదు. దానికిని మూర్ఛ వచ్చును. క్రైస్తవుని చొక్కాలోనే వాగ్దానము అను తాళపుచెవి యుండెను. దానిని మరచి ఇన్ని దినములు ఎందుకు పడియుంటినని అతడు తన బుద్ధిహీనతను తానే తిట్టుకొనును. తాళము గట్టిగా తిరిగినను తలుపు తెరచుకొనును.

సహోదరులారా, పాత కథలలోని వీరుడు తప్పు చేయడు. ఈ యాత్రికుడు కొండమీద నిద్రపోయి తన చేతి పత్రమును పోగొట్టుకొనును, సుళువైన దారి చూచి పొలములోనికి దిగును, లోకజ్ఞాని మాట విని దారి తప్పును. అందుచేతనే చదువువాడు అతనిని విడువలేడు. వీరుని చూచి మెచ్చుకొందుము గాని, తప్పటడుగు వేయువానితోనే కలిసి నడతుము.

కుంటివాని నాట్యము

మొదటి భాగములో క్రైస్తవుడు భార్యాబిడ్డలను ఊరిలోనే విడచి పోయెను. బన్యన్ 1684లో రెండవ భాగమును వ్రాసి, భార్య క్రిస్తియానాను, ఆమె నలుగురు కుమారులను, కరుణ అను పొరుగింటి పడుచును దారికి తెచ్చెను. ఇందులో పోరాటము తక్కువ, సహవాసము ఎక్కువ. కరుణను పెండ్లాడుటకు చురుకైన పెద్దమనిషి యొకడు వచ్చును. ఎప్పుడు చూచినను ఆమె చేతిలో కుట్టుపని ఉండుట చూచి, దినమునకు ఎంత సంపాదించుచున్నదోయని లెక్కవేయును. ఆ బట్టలు బీదలకు ఊరక ఇచ్చుటకని తెలియగానే వాని ప్రేమ చల్లారిపోవును. కట్నపు లెక్కలు తెలిసిన మనకు ఈ పెండ్లికొడుకును వేరుగా పరిచయము చేయనక్కరలేదు.

ఈ గుంపులో బలహీనులు చేరుచు పోవుదురు. ఒకడు బలహీన మనస్కుడు. ఒకడు రెండు కఱ్ఱల ఊతతో నడచు కుంటివాడు. నిరుత్సాహుడను ముసలివాడు, మిగుల భయస్థురాలగు అతని కుమార్తె నిరాశ రాక్షసుని కోటలో బంధింపబడియుండిరి. యాత్రికులను నడిపించు ధీరహృదయుడు ఆ రాక్షసుని చంపి కోటను పడగొట్టును. అప్పుడు సంగీతము మ్రోగగా, కుంటివాడు భయస్థురాలి చెయ్యి పట్టుకొని, ఒక కఱ్ఱ ఊతతోనే దారిలో నాట్యమాడును. దానిని చదివి నవ్వనివాడు లేడు. నవ్విన తరువాత కన్నీరు రానివాడును తక్కువ. యెషయా 35వ అధ్యాయములో కుంటివారికి కలుగబోవు సంతోషమును తలంచుడి.

12 సంవత్సరములు చెరలో నుండినవాడు, గ్రుడ్డి బిడ్డను పోగొట్టుకొన్నవాడు ఈ నాట్యమును వ్రాసెను. బాధ తెలియనివాని నవ్వు ఒక విధము, బాధ తెలిసినవాని నవ్వు మరియొక విధము. మొదటిది కుంటివానిని చూచి నవ్వును. రెండవది కుంటివానితో కలిసి నవ్వును.

చివరి ప్రయాణము

పుస్తకము త్వరగా వ్యాపించెను. బన్యన్ జీవించియుండగానే మొదటి భాగము పదిమారులకు పైగా అచ్చుపడెను. పండితులు మొదట దానిని లెక్కచేయలేదు. పనివారు, పొలమువారు, ఇంటి పనికత్తెలు చదివిరి. తరువాతి కాలమున అది 200కు మించిన భాషలలోనికి మార్చబడెను. 1933లో సి. ఎస్. లూయిస్ తన విశ్వాసపు దారిని చెప్పుటకు ఆ పుస్తకపు పేరునే అనుకరించి యొక యాత్ర కథ వ్రాసెను. బన్యన్‌కు పూర్వము 1605లో స్పెయిను దేశపు సెర్వాంటెస్, వీరుల కథలు చదివి మతి చెడిన డాన్ కిహోటేను, గాడిదనెక్కి వెంట నడచిన సాంచో పాంజాను లోకమునకిచ్చెను. ఇద్దరును చెరసాల యెరిగినవారే. ఇద్దరును పాత వీరగాథలను తీసికొని, వాటిలో మామూలు మనుష్యులను నడిపించి, లోకమును నవ్వించిరి.

కీర్తి కలిగినను బన్యన్ బెడ్‌ఫర్డ్‌ను విడువలేదు. పల్లె పల్లె తిరిగి సంఘములను బలపరచెను. 1688 ఆగస్టులో ఒక తండ్రికిని కుమారునికిని కలిగిన వైరమును తీర్చుటకు గుఱ్ఱము మీద రెడింగ్ పట్టణమునకు పోయెను. వారిని సమాధానపరచి, అక్కడనుండి లండనుకు గొప్ప వర్షములో తడియుచు ప్రయాణము చేసెను. అందుచేత జ్వరము తగిలి, స్నో హిల్ వీధిలో జాన్ స్ట్రడ్విక్ అను స్నేహితుని ఇంట ఆగస్టు 31వ తేదీన, 60 ఏండ్లు నిండకమునుపే ప్రభువునందు నిద్రించెను. ఆయన సమాధి లండనులోని బన్‌హిల్ ఫీల్డ్స్‌లో ఉన్నది. పెద్ద గ్రంథముల చేత పేరుపొందినవాడు ఒక ఇంటి తగవు తీర్చుటకు పోయి ప్రాణము విడిచెను. ఇదియే ఆయన చివరి ప్రసంగమని మనము తలంచవచ్చును.

మన ధ్యానమునకు

మొదట అడిగిన ప్రశ్నకు తిరిగివత్తము. దూర ప్రయాణము, ఆపద, నవ్వించు తోడు గల కథలు మనలను పట్టుకొనుటకు ఒక కారణము హెబ్రీయులకు 11వ అధ్యాయములో కనబడుచున్నది. అబ్రాహాము ఎక్కడికి పోవుచున్నాడో తెలియకయే బయలుదేరెను. పితరులు గుడారములలో నివసించి, మరియొక దేశమును వెదకిరి. మనుష్యుని హృదయములో ఇల్లు విడచి మేలైన ఇంటిని చేరవలెనను ఆశ దేవుడుంచినదే. అందువలననే బయలుదేరిన వాని కథ వినగానే మన కాళ్లు కదలును.

బన్యన్ బాల్యమున ఆ ఆశను సంతలోని కథలతో తీర్చుకొనజూచెను. అది తీరలేదు. పిమ్మట ఆ కథలను పూర్తిగా త్రోసివేసెను. చివరకు దేవుడు వాటిని శుద్ధిచేసి ఆయన చేతికి తిరిగి ఇచ్చెను. కావున పెద్దలారా, పిల్లవాని చేతిలో కథల పుస్తకము చూచిన వెంటనే లాగివేయకుడి. ప్రక్కన కూర్చుండి, వీరుడు ఎక్కడికి పోవుచున్నాడు, ఎవరిని చూచి నీవు నవ్వితివి అని అడుగుడి. యౌవనస్థులారా, చదివిన తరువాత మిమ్మును మీరు అడిగికొనుడి. ఈ నవ్వు నన్ను బలహీనునికి దగ్గర చేసినదా, దూరము చేసినదా? ఈ ప్రయాణము ముగిసిన తరువాత నా ఇంటివారిని మునుపటికంటె ఎక్కువగా ప్రేమించుచున్నానా?

1879లో హనుమకొండకు బాప్టిస్టు మిషనరీలు వచ్చిన నాటినుండి మన ప్రాంతపు సంఘములు చాల దూరము నడచినవి. వాటిలో ధీరహృదయులు కొందరు, ఊతకఱ్ఱల వారు అనేకులు. ఎవరిని విడచి పోరాదు. వాన కాలపు రాత్రులలో, కరెంటు పోయినప్పుడు, ఇంటిల్లిపాది కూర్చుండి యాత్రికుని ప్రయాణమును బిగ్గరగా చదువుకొనుడి. చదువురాని అవ్వ కూడ వినును. ఎవరి పోలికలు ఎవరిలో ఉన్నవో పిల్లలే చెప్పుదురు. తన పోలిక కూడ అందులో కనబడినప్పుడు కోపపడక నవ్వగలవాడు ధన్యుడు.

ప్రార్థన: యాత్రికుల దేవా, మా భారము సిలువ యొద్ద దింపినందుకు స్తోత్రము. సందేహపు కోటలో పడియున్న మా వారికి వాగ్దానపు తాళపుచెవిని జ్ఞాపకము చేయుము. మా నవ్వును శుద్ధిచేయుము. కుంటువారితో కలిసి నడచుటకును, నీ పట్టణపు వాకిట వారితో కలిసి సంతోషించుటకును మాకు కృప దయచేయుము. ఆమేన్.